ఒకటో తేదీ కోసం ఒక ఇల్లు

చిత్తూరులో నేను పన్నెండు గదుల మేడ కొన్నానని మన గని లైన్లలో ఒక మాట తిరుగుతోంది. తిప్పింది నేనే కాబట్టి సరిచేయాల్సింది కూడా నేనే. గదులు రెండు. వెనక వంటకు ఒక వసారా, ముందు ఒక అరుగు, పక్కింటివాళ్లతో కలిపి ఒక బావి. మేడ కాదు, పెంకుటిల్లు. మిగతా పది గదులూ నేను బస్సు దిగి మన వీధి మలుపు తిరిగేలోపు కట్టినవి.

ఇల్లు మాత్రం నిజం. కోలారు బంగారు గనుల్లో పుట్టి, గనిలోకి మనుషులను దించే యంత్రం ముందు తల నెరిసేదాకా కూర్చుని, కంపెనీ ఇచ్చిన లైనింట్లోనే కాపురం వెళ్లదీసిన నాలాంటివాడు పొరుగు రాష్ట్రంలో ఇల్లు కొని అద్దెకివ్వాలని బయలుదేరడం చిన్న సంగతి కాదు. మనకు ఇల్లు కొన్న అనుభవమూ లేదు, అద్దె కట్టిన అనుభవమూ లేదు. రేపు మీలో ఎవరికైనా ఈ బుద్ధి పుడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ బేరం తెచ్చింది మునిరత్నం. మన అంగడివీధికి చిత్తూరు బెల్లం తెచ్చే మనిషి, బెల్లంతోపాటు ఇళ్ల బేరాలు కూడా మోసుకొస్తాడు. చిత్తూరు మిట్టూరు వీధిలో ఒక ఇల్లుందనీ, ఇరవై రెండు వేలు చెబుతున్నారనీ అన్నాడు. నా దగ్గర ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ అన్నీ కలిపితే పదహారు వేలు. మునిరత్నానికి ముప్పై అని చెప్పాను. తక్కువపడిన ఆరు వేల కోసం ఇక్కడి బ్యాంకుకు వెళితే, మేనేజరు మర్యాదగా కుర్చీ చూపించి, "మనిషేమో ఇక్కడ, ఇల్లేమో ఆంధ్రలో. రేపు మీరు కట్టకపోతే ఆ ఇంటి కోసం మేమెక్కడ తిరిగేది?" అన్నాడు. చిత్తూరులో మాత్రం బ్యాంకులు లేవా అనుకుని జూన్ నెలలో బస్సెక్కాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నేనే రావద్దన్నానని తర్వాత చెప్పుకున్నాను. వస్తామని ఎవరూ అనలేదు.

బంగారుపాళ్యం

పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేసరికి గాలి వేడెక్కింది. బంగారుపాళ్యం చేరేసరికి బస్సూ వేడెక్కింది. ముందునుంచి ఆవిరి లేస్తుంటే అందరం దిగాం.

రోడ్డు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. దాని గేటు ముందు ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు కనుచూపు మేర నిలబడి ఉన్నాయి, అన్నిటి నిండా బెంగళూరా కాయలు. మనకు మామిడిపండంటే బుట్టలో ఎంచి, వాసన చూసి, బేరమాడి కొనే వస్తువు. అక్కడ పారలతో తోస్తున్నారు. మోచేతుల దాకా పసుపుపచ్చగా మారిన ఆడవాళ్లు గేటు దగ్గర నిలబడి నీళ్లు తాగుతున్నారు.

ఒక బండి నీడలో కూర్చున్న రైతు నాకు చోటిచ్చాడు. సరుకు దించుకోవడానికి నిన్నటినుంచి వరసలో ఉన్నాడట.

"యాడికప్పా పోతా ఉండావు?"

"చిత్తూరుకు. ఇల్లు కొనేదానికి."

"ఏం పని చేస్తావు?"

"గనుల్లో ఇంజినీరును," అన్నాను.

ఆయన చటుక్కున లేచి రోడ్డు అవతలికి వినబడేట్టు అరిచాడు. "ఓ డ్రైవరన్నా! ఈడ ఇంజినీరు ఉండాడు. సూపించు నీ బండిని!"

బస్సులోని జనమంతా నన్ను ముందుకు తోశారు. డ్రైవరు మూత ఎత్తి పక్కకు తప్పుకున్నాడు. లోపల ఏముందో నాకు అర్థం కాలేదు. చివరికి చెప్పేశాను. నేను ఇంజినీరును కాను, గనిలోకి తొట్టి దించే యంత్రం నడిపేవాణ్ణి. కింద గంట కొడితే దించడం, మళ్లీ గంట కొడితే ఎత్తడం. యంత్రం చెడితే వేరేవాళ్లు వచ్చేవాళ్లు.

డ్రైవరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సరేలే సామీ. నేను గంట కొడతా, చిత్తూరులో దించుతావా మమ్మల్ని?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను చూసి అంతమంది నవ్వి చాలా కాలమైంది. గంట సేపు ఆ రోడ్డు మీద నేనే కాలక్షేపం. రైతు ఒక పండు కోసి ఇచ్చాడు, డబ్బిస్తే తీసుకోలేదు. ఇంకొక పండు మీద నేనే కూర్చున్నాను. పంచె వెనక పచ్చటి మరకతోనే చిత్తూరులో దిగాను.

చిత్తూరు, మిట్టూరు వీధి

మునిరత్నం బస్టాండునుంచి నేరుగా ఇంటికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల వేళ. అరుగు మీద కోర్టు గుమాస్తాలు, ఒక పిల్ల వకీలు ఆకులు వేసుకుని తింటున్నారు. వడ్డిస్తున్న మనిషి పేరు ఎస్తేరమ్మ. ఆ ఇంట్లో ఉంటున్నది ఆమే. పొడుగ్గా ఉంటుంది, యాభై దాటి ఉంటాయి. మొగుడు లారీ డ్రైవరట, ప్రమాదంలో పోయాడు. పిల్లలు లేరు. కోర్టువాళ్లకు ఇంట్లోనే వండిపెట్టి బతుకుతోంది.

"ఇల్లు సూసేదానికి వచ్చినావా, తినేదానికి వచ్చినావా?" అంది నన్ను చూసి.

"చూసేదానికమ్మా."

"తిని సూడన్నా. ఆకలి మీద సూస్తే ఏ ఇల్లూ బాగుండదు."

భోజనం రెండున్నర రూపాయలు. మన ముద్ద ఒట్టి రాగి. వాళ్ల సంగటిలో బియ్యం కూడా పడతాయి, మెత్తగా ఉంటుంది. దానికి వేరుశెనగ ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు. నా ఆకులో పులుసు అయిపోవడం నాకంటే ముందు ఆమే చూసింది. మూడేళ్లుగా నా పళ్లెంలో ఏముందో చూసినవాళ్లు లేరు.

తిన్నాక రెండు గదులూ చూశాను. పెంకులు ఒకచోట జారాయి, గోడలు గట్టివి. యజమాని తిరుపతిలో ఉంటాడని మునిరత్నం చెప్పాడు. వచ్చేముందు ఎస్తేరమ్మను అడిగాను.

"నెలకు ఎంతిస్తావమ్మా ఈ ఇంటికి?"

"ఏమీ ఇయ్యనన్నా."

మీరైనా ఆ మాటకు ఆశ్చర్యపోయి ఉండరు. మనమూ ఇంటికి ఏమీ ఇవ్వం. కంపెనీ ఇల్లిస్తుంది, మనం ఉంటాం. యజమాని ఎవరో దొడ్డ మనిషి, దిక్కులేని ఆడమనిషిని ఉండనిచ్చాడు అనుకున్నాను. నేను కొన్నాక నెలకు నూట ఇరవై అడగాలని మనసులోనే నిర్ణయించి, వకీలు పిల్లవాడి కంటే గంభీరంగా అరుగు దిగాను.

మర్నాడు చిత్తూరు బ్యాంకుకు వెళ్లాను. అక్కడి మేనేజరూ కుర్చీ చూపించాడు. పంచె మరక కనబడకుండా కూర్చోవడానికి కొంత శ్రమపడ్డాను. "ఇల్లు ఇక్కడే గానీ మనిషి కర్ణాటకలో. మిమ్మల్ని ఎవరు వెతుక్కుంటారండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నన్ను ఎవరు వెతుక్కుంటారా అని ఆ సాయంత్రమంతా నేనూ ఆలోచించాను.

కాణిపాకం

ఆరు వేలు పుట్టలేదని మునిరత్నానికి చెప్పలేదు. అతని లెక్కలో నా దగ్గర ముప్పై ఉంది కదా. అతను మాత్రం, "తిరుపతికి పోయే ముందర కాణిపాకం పోదామన్నా. వినాయకుడి ముందర ధర అనుకుంటే మళ్లీ ఎవురూ మాట తప్పరు," అన్నాడు.

మన దగ్గర బేరం కుదిరితే కాఫీ తాగుతాం. ఆ వైపు జనం, మాట మీద గురి లేకపోతే కాణిపాకం తీసుకెళతారు. స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి నిజం చెప్పాలి. అక్కడ అబద్ధమాడి బాగుపడినవాళ్లు లేరని నమ్మకం. మా ముందు ఇద్దరు అన్నదమ్ములు పాలిపోయిన ముఖాలతో నిలబడి ఉన్నారు. ఏదో గట్టు తగాదా. పెద్దవాడు నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, తమ్ముడి చేయి పట్టుకుని బయటికి నడిచాడు. 

మా వంతు వస్తుండగా మునిరత్నం భుజం తట్టాను.

"మునిరత్నం, ఒక మాట. ముప్పై లేదు."

"ఎంతుండాది?"

"ఇరవై."

అంటూనే లోపలికి చూశాను. దీపం వెలుగులో స్వామి నన్నే చూస్తున్నట్టుంది.

"పద్దెనిమిది," అన్నాను.

నా తడిపంచె నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పదహారు."

"ఇంకా దిగేది ఉండాదా, ఈడికి సరేనా?"

"సరే. స్వామి సాక్షి."

అతను పకపకా నవ్వాడు. గుడిలో ఉన్నామని గుర్తొచ్చి చెంపలేసుకున్నాడు. "ఈ మాట మొదులే చెప్పుంటే నిన్ననే తిరుపతికి పోయుందుము గదన్నా! పదహారుతో ముగిస్తా, రా."

ఇరవై రెండు వేల ఇల్లు పదహారుకు ఎలా వస్తుందని నేను అడగలేదు. నిజం ఒప్పుకున్నందుకు వినాయకుడే ఆరు వేలు కొట్టేశాడని మనస్ఫూర్తిగా నమ్మాను.

తిరుపతి

యజమానికి గోవిందరాజస్వామి గుడి వీధిలో పసుపు కుంకాల అంగడి. వేళ్లకు, లెక్కల పలకకు, చివరికి మాకు ఇచ్చిన కాఫీ లోటాకు కూడా కుంకుమే. పదహారు అనగానే తలూపాడు. నేను సిద్ధం చేసుకున్న బేరం మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

"ఒకటే మాట," అన్నాడు. "ఎస్తేరమ్మను కదిలించద్దు. ఆయమ్మ ఇంకా రెండేండ్లు ఉండాల."

"ఎన్నేళ్లయినా ఉండనీ," అన్నాను, దొరలాగా. అచ్చారం, అంటే బయానా, అయిదు వందలు చేతిలో పెట్టాను. ఎల్లుండి చిత్తూరులో రిజిస్ట్రేషను అనుకున్నాం. మునిరత్నం బెల్లం పని మీద వెళ్లిపోయాడు.

ఇల్లు కొన్నవాణ్ణి కదా, ఆ రోజు సత్రంలో పడుకోవడం నామోషీ అనిపించింది. స్టేషను దగ్గర ఒక లాడ్జికి వెళ్లాను. గుమాస్తా నా వెనక చూసి, "ఎంతమంది?" అన్నాడు.

"నేనొక్కణ్ణే."

"ఒక్కరికి ఇవ్వం."

పక్క లాడ్జిలోనూ అదే మాట. మూడో చోట కారణం అడిగాను. ఒంటరిగా వచ్చినవాళ్లు గది తలుపు వేసుకుని ఏం చేసుకుంటారో అని భయమట. కొండకు వచ్చేవాళ్లు కుటుంబంతో వస్తారు గానీ ఒక్కరే ఎందుకొస్తారు అన్నాడు. డబ్బు చూపించాను. "డబ్బు కాదు స్వామీ, ఇంకో మనిషిని చూపించండి," అన్నాడు.

ఆ మెట్ల మీదే చేతిసంచితో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. నగరిలో మగ్గం నేసేవాడట. మగ్గం మీద చీర సగంలో ఉందని భార్య రాలేదు, తలనీలాలివ్వడానికి ఒక్కడే వచ్చాడు. ఆయనకూ గది దొరకలేదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని లేచాం.

"మీ ఇద్దరూ ఏమవుతారు?" అన్నాడు గుమాస్తా.

"అన్నదమ్ములం," అన్నాను నేను. అదే క్షణంలో ఆయన, "బావా బామ్మర్దులం," అన్నాడు.

గుమాస్తా కలం ఎత్తిపట్టుకున్నాడు. "ఏదో ఒకటి అనుకుని చెప్పండయ్యా."

అన్నదమ్ములమని రాయించాం. గది పది రూపాయలు, చెరి అయిదు. పెరుగన్నం పొట్లాలు తెచ్చుకుని తింటూ ఆయన అడిగాడు.

"నీకు ఇంట్లో ఎవురెవురు ఉండారన్నా?"

"నా భార్య. నేను పోయేదాకా అన్నం తినదు."

"అట్లయితే బిరీన పో. పాపం, కాసుకోని ఉంటాది."

ఆమె పోయి మూడేళ్లయింది. తినకుండా కూర్చునేదన్న మాట మాత్రం నిజం. చెప్పిన దాంట్లో సగం నిజం కదా అని సర్దుకున్నాను. నన్ను అన్నా అని పిలిచిన మనిషి దగ్గర ఆ సగాన్ని విడదీయబుద్ధి కాలేదు.

సాయంత్రం చల్లబడ్డాక ఆయన అలిపిరి మెట్ల దారిన నడిచి కొండెక్కుతానన్నాడు, నన్నూ రమ్మన్నాడు. నేను నాలుగుసార్లు ఎక్కానన్నాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు, మోకాళ్లు ఒప్పుకోవు. కొండమీదనుంచి అటే పోతానని ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయాడు. రెండు మంచాల గదిలో రెండో మంచం దుప్పటి మడత నలగకుండా అలాగే ఉంది.

పొద్దున తాళంచెవి ఇస్తుంటే గుమాస్తా, "మీ తమ్ముడేడీ?" అన్నాడు.

"ముందు పోయినాడు," అన్నాను.

మళ్లీ చిత్తూరు

రిజిస్ట్రేషనుకు ముందురోజు మధ్యాహ్నం, అందరూ తిని వెళ్లేదాకా ఆగి, ఎస్తేరమ్మతో అసలు మాటెత్తాను.

"అమ్మా, ఇల్లు నేనే తీసుకుంటున్నా. నువ్వేం భయపడద్దు. నెలకు నూట ఇరవై. ఒకటో తేదీ నేనే వచ్చి తీసుకుంటా."

ఆమె గిన్నె కింద పెట్టింది.

"భోగ్యం అన్నా. నీకు ఎవురూ చెప్పలేదా?"

భోగ్యమంటే పొలాలకని విన్నాను. ఆ ఊళ్లలో ఇళ్లకూ ఉందట. ఎస్తేరమ్మ మొగుడు పోయినప్పుడు లారీ వాళ్లు ఇచ్చిన ఆరు వేలూ ఆ యజమాని చేతిలో పెట్టింది. అయిదేళ్లు అద్దె లేకుండా ఉంటుంది. గడువు తీరాక ఇంటి యజమాని ఎవరైతే వాళ్లు ఆ ఆరు వేలూ తిరిగి ఇవ్వాలి. అయిదేళ్లలో ఇంకా రెండు మిగిలాయి. ఇరవై రెండులో ఆరు పోగా పదహారు. కాణిపాకం వినాయకుడు కొట్టేశాడనుకున్నది ఇదే. రెండు బ్యాంకులు ఇవ్వనన్న అప్పును నాకు ఈమె ఎప్పుడో ఇచ్చేసి ఉంది.

"నువ్వేమీ ఇవ్వనంటివి," అన్నాను, నీరసంగా.

"ఇయ్యను గదా మరి? ఎందుకియ్యవని అడిగుంటే చెప్పుందును."

"ఆ డబ్బు నీ దగ్గరే పెట్టుకోవచ్చు కదమ్మా."

"దుడ్డు సేతిలో ఉంటే అన్నలొస్తారు, అన్నల కొడుకులొస్తారు. ఇంటి మీద ఉంటే ఎవురూ అడగరు." గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నీకు వద్దంటే వద్దని చెప్పు. అచ్చారం పోతాది, అంతే. ఇంగొకరు కొంటారు."

నేను లేవలేదు. ఆమే మళ్లీ అడిగింది.

"నువ్వేమో ఈడ ఉండవు. ఇచ్చేదానికి పిల్లలూ లేరంటివి. ఎందుకన్నా నీకు ఇల్లు?"

పెట్టుబడి అన్నాను. చిత్తూరులో స్థలాల ధర పెరుగుతుందన్నాను. రెండో ఇల్లు, మూడో ఇల్లు అని ఒక వీధి మొత్తం కొనేశాను. ఆమె అడ్డు చెప్పకుండా వింది. ఒక్కటీ నమ్మలేదు. నా మాటలు అయిపోయాయి.

"ఒకటో తేదీ నాకు జీతం రోజు," అన్నాను. "ఇంటికి పోతే ఆమె గుమ్మంలో నిలబడుండేది. ఇప్పుడు జీతమూ లేదు, గుమ్మంలో మనిషీ లేదు. ఒకటో తేదీ వస్తే నాకు ఎక్కడికీ పోయే పని లేదు. అద్దె ఉంటే ఎవరో ఒకరి ఇంటికి పోవచ్చు. వాళ్లు తలుపు తీయాలి, కూర్చోమనాలి."

"దానికి పదహారు వేలా?" అంది ఎస్తేరమ్మ. "బస్సెక్కి వస్తే సాలదా?"

"ఏ పనీ లేకుండా ఎవరి గడప తొక్కుతామమ్మా?"

ఆమె లోపలికి వెళ్లి, అడుగున మిగిలిన సంగటి తెచ్చి నా ముందు పెట్టింది. నేను తినేదాకా గోడకానుకుని నిలబడింది. చేయి కడుక్కుని రెండున్నర ఇచ్చాను, తీసుకుంది.

మర్నాడు రిజిస్ట్రేషను అయింది. నేను పదహారు ఇచ్చాను. రెండేళ్లలో ఎస్తేరమ్మకు ఆరు వేలు ఇచ్చుకుంటానని నలుగురి ముందు ఒప్పుకుని సంతకం పెట్టాను. సాక్షి మునిరత్నం. "ఇల్లుగలవాడివైనావు, ఇంగ యాడుండాది నీకు కొరత!" అని వీపు తట్టాడు.

ఎస్తేరమ్మ కూడా వేలిముద్ర వేయడానికి వచ్చింది. ఆఫీసు మెట్లు దిగుతూ, నావైపు చూడకుండా, వంకాయలు బేరం చేసే గొంతుతో అంది.

"పెంకులు జారి ఉండాయి. ఇల్లుగలాయన వచ్చి సూసుకోవాల. ఒగ నెలలో అయ్యేది గాదు."

"వస్తా."

"తింటే దుడ్డియ్యాల. ఇల్లుగలాయనని తగ్గించేది లేదు."

"ఇస్తా."

"ఆదివారం రాబాక. గుడికి పోతా, పొయ్యి ఎలిగించను. ఒకటో తేదీ ఆదివారమయితే రెండో తేదీ రా."

ఇక్కడికి వచ్చాక

ఆరు వేలు ఎక్కడినుంచి తేవాలో ఇంకా తెలియదు. సహకార సంఘం డిపోలో సంచులు కాపలా కాసే పని అడిగాను. రమ్మన్నారు. మేనేజరుగా అని మీలో కొందరికి చెప్పాను, కాపలాకే.

అద్దె ఎంతని దారిలో అడిగిన ప్రతివాళ్లకూ నూట ఇరవై అన్నాను. ఒక్క రూపాయి కూడా రాదు. బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఎదురు నాకే. పొరుగు రాష్ట్రంలో ఇల్లు కొనబోయేవాళ్లు, ఉంటున్నవాళ్లు అద్దె ఎందుకివ్వడం లేదో ముందు అడిగి తెలుసుకోండి. నేను చెప్పగలిగిన సలహా అదొక్కటే.

ఊరు చేరిన రాత్రి తలుపు తీసి, సంచి మూలన పెట్టి, దీపం వేసి, క్యాలెండరు ముందు నిలబడ్డాను. వచ్చే నెల ఒకటో తేదీ ఆదివారం. రెండో తేదీ మొదటి బస్సుకు పోతున్నాను.